డిచ్‌పల్లి కుష్ఠాశ్రమము – నర్సాగౌడుగారి దానము

ఇందూరు ప్రాంతపు క్రైస్తవ సంఘచరిత్రము మనకు పరాయిదని కొందరు కులబాంధవులు తలంచుచున్నారు. అది సరికాదని మేము విన్నవించుచున్నాము.

1907లో వెస్లియన్ మిషను పక్షమున జార్జి కెర్ దొరగారును, వారి సతీమణి డాక్టరు ఇసబెల్ కెర్ గారును హైదరాబాదు సంస్థానమునకు వచ్చిరి. ఆ కాలమున కుష్ఠరోగిని ఇంటివారే వెళ్లగొట్టుచుండిరి. ఊరిలో నిలువ నీడ లేదు. అట్టి దీనులకై ఇందూరు పట్టణమునకు వెలుపల డిచ్‌పల్లిలో 1915లో ఆశ్రమము వెలసెను. దానికి ధనమొసగినవారు మన కులమువారగు రాజా నర్సాగౌడుగారు. అచ్చట చాల్‌మూగ్రా నూనెను సూదిమందుగా నెక్కించి చికిత్స చేసిరి. వైద్యమును ప్రార్థనయు నొక్కచోటనే సాగినవి. 1947లో దక్షిణ ఇండియా సంఘమేర్పడగా, ఈ ప్రాంతపు వెస్లియను సంఘములు మెదకు అధ్యక్షమండలమున చేరినవి.

ఇచ్చినవారి మతమొకటి, పుచ్చుకొన్నవారి మతమింకొకటి. రోగి బాధకు మాత్రము మతము లేదు.

1981లో ప్రపంచ ఆరోగ్యసంస్థ బహుళౌషధ చికిత్సను విధించినది మొదలు ఈ వ్యాధి నిశ్చయముగా కుదురుచున్నది. అయినను రోగిని దూరముంచు దురాచారము పూర్తిగా తొలగలేదు. నందిపేట, బోధను సోదరులారా! దాత పేరు చెప్పి గర్వించుట సులభము. కుదిరి వచ్చిన రోగిని మన పంక్తిని కూర్చుండబెట్టుకొనుటయే ఆ దానమునకు తగిన గౌరవమని మా మనవి.