ఆ నర్సు మళ్లీ వచ్చింది

1994 నవంబరు. బోస్టన్‌లోని మసాచుసెట్స్ జనరల్ హాస్పిటల్. సర్జరీకి ముందు వివరాలు రాసుకునే నర్సుకు తలెత్తే తీరిక లేదు. ఎదురుగా కూర్చున్న కెన్నెత్ స్వార్ట్జ్‌ని వరసలో ఇంకో పేషెంటుగానే చూసింది. ముక్తసరిగా మాట్లాడింది.

అతనికి నలభై ఏళ్లు. వైద్యరంగం వ్యవహారాలు చూసే లాయరు. ఊపిరితిత్తుల క్యాన్సర్ బాగా ముదిరి ఉండొచ్చని అప్పుడే తెలిసింది. ఆ సంగతి చెప్పాడు. నర్సు మెత్తబడింది. అతని చేయి తన చేతిలోకి తీసుకుని ఎలా ఉన్నారని అడిగింది. రెండేళ్ల కొడుకు బెన్ కబుర్లు వచ్చాయి. తమ కుటుంబంలోనూ ఒక బెన్ ఉన్నాడంది. మాటలు ముగిసేసరికి కళ్లు తుడుచుకుంటోంది. సర్జరీ అంతస్తులో ఆమెకు పని ఉండదు. అయినా వస్తానంది. మర్నాడు అతన్ని ఆపరేషన్‌కి తీసుకెళ్లే ముందు వచ్చింది, చేయి పట్టుకుంది.

ఇదంతా 1995 జూలైలో బోస్టన్ గ్లోబ్ మ్యాగజైన్‌లో స్వార్ట్జే రాశాడు. రోగితో అంత దగ్గరితనాన్ని రూల్స్ ఒప్పుకోవేమో, ఆ రూల్సే తిరగరాయాలేమో అన్నాడు. సెప్టెంబరులో చనిపోయాడు.

ఈ కథ చదివినప్పుడల్లా నా మనసు ఆ నర్సు మీదికే పోతుంది. కళ్లు తుడుచుకున్నాక ఆమె ముందు మరో పేషెంటు కూర్చునే ఉంటాడు. ఆ బరువు ఎవరితో చెప్పుకుంది?

చెప్పుకునే చోటు స్వార్ట్జ్ పేరు మీదే వచ్చింది. అతని చివరి రోజుల్లో ఏర్పాటైన స్వార్ట్జ్ సెంటర్, 1997లో అదే ఆసుపత్రిలో ‘స్వార్ట్జ్ రౌండ్స్’ మొదలుపెట్టింది. ఆసుపత్రి సిబ్బంది గంటసేపు కూర్చుంటారు. తినడానికి ఏదో పెడతారు. డ్యూటీ మధ్యలో పరుగున వచ్చేవాళ్లకు అది చిన్న విషయం కాదు. డాక్టరు, నర్సు, సోషల్ వర్కరు ఒక పేషెంటు గురించి తలా కాసేపు చెబుతారు. ఏ మందు ఇచ్చామన్నది కాదు, ఆ రాత్రి తమకు నిద్ర పట్టిందా లేదా అన్నది. తర్వాత హాల్లో వాళ్లు నోరు విప్పుతారు. తప్పెవరిదో తేల్చరు, సలహాలివ్వరు. అక్కడి మాట గడప దాటదు. పెద్ద సర్జన్‌కే గొంతు పూడుకుపోతే, మూలన కూర్చున్న జూనియర్‌కు తన ఏడుపు చేతకానితనం కాదని తెలుస్తుంది.

2009లో ఈ రౌండ్స్ బ్రిటన్ చేరాయి. అక్కడ స్ట్రెచర్లు తోసేవాళ్లూ ఆఫీసు సిబ్బందీ కూడా వచ్చి కూర్చుంటారు. 2018లో వెలువడిన అధ్యయనంలో, క్రమం తప్పకుండా వచ్చినవాళ్లలో మానసికంగా నలిగిపోతున్నవాళ్లు 25 శాతం నుంచి 12 శాతానికి తగ్గారు. రానివాళ్లలో 37 నుంచి 34కే.