నమ్మకానికి టీకా

ఒక విషయం పట్ల మనిషిలో స్థిరపడిన అనుకూల భావాన్ని గాని, ప్రతికూల భావాన్ని గాని మనస్తత్వశాస్త్రం వైఖరి అంటుంది. ఇరవయ్యో శతాబ్దం నడిమి వరకు పరిశోధకుల దృష్టి చాలామట్టుకు ఆ వైఖరిని మార్చే మార్గాల మీదే ఉండగా, అది మారకుండా నిలబడాలంటే ఏం చేయాలన్న ఎదురు ప్రశ్న వేసి, దానికి వైద్యశాస్త్రం నుంచి జవాబు తెచ్చినవారు అమెరికా మనస్తత్వవేత్త విలియం మెక్‌గైర్.

ఆ ప్రశ్న వెనుక కొరియా యుద్ధం ఉంది. 1953లో పోరు ఆగి ఖైదీల మార్పిడి జరిగినప్పుడు 21 మంది అమెరికా సైనికులు స్వదేశానికి రాబోమని చైనాకు వెళ్లిపోవడంతో దేశం కలవరపడింది. దేశభక్తిని మరింత గట్టిగా నూరిపోయాలన్న వాదన వినిపించింది. మెక్‌గైర్ ఆలోచన ఇందుకు విరుద్ధం. సూక్ష్మజీవులు సోకని చోట పెరిగిన జంతువు పైకి ఎంత పుష్టిగా కనిపించినా మొదటి రోగానికే కూలినట్టు, ఎన్నడూ ఎదురుమాట వినని నమ్మకం మొదటి గట్టి వాదనకే కూలుతుందని ఆయన భావించారు.

దీన్ని పరీక్షించడానికి ఆయన, డెమెట్రియోస్ పాపజార్జిస్ కలిసి 1961లో ప్రచురించిన ప్రయోగంలో ఎవరూ ప్రశ్నించని మాటలనే ఎంచుకున్నారు. వాటిలో ఒకటి, వీలైతే ప్రతి భోజనం తర్వాత పళ్లు తోముకోవాలన్నది. కొందరు విద్యార్థులకు ఆ అలవాటును సమర్థించే కారణాలు మాత్రమే ఇచ్చారు; మరికొందరికి దాని మీద వచ్చే ఆక్షేపణలను కొద్దిగా చెప్పి, వెంటనే వాటికి సమాధానం చూపించారు. రెండు రోజుల తర్వాత అందరి చేతికీ ఆ నమ్మకాన్ని తీవ్రంగా ఖండించే వ్యాసం వచ్చింది. సమర్థన మాత్రమే పొందినవారి నమ్మకం, ఏ రక్షణా లేనివారి నమ్మకం లాగానే దాదాపుగా జారిపోగా, ఆక్షేపణను రుచి చూసినవారిది చాలావరకు నిలబడింది. బలహీనపరిచిన క్రిమిని ఎక్కించి శరీరాన్ని సిద్ధం చేసే పద్ధతితో ఇది సరిపోలడం వల్ల దీనికి టీకా సిద్ధాంతమన్న పేరు స్థిరపడింది.

అంతకన్నా విలువైన ఫలితం మరొకటి ఉంది. ముందు విన్న ఆక్షేపణ ఒకటి, తర్వాత ఎదురైన దాడి వేరొకటి అయినా రక్షణ పనిచేసింది. అంటే ఆ విద్యార్థులకు మేలు చేసింది కంఠస్థమైన జవాబు మాత్రమే కాదు. తన నమ్మకానికి ముప్పు ఉందన్న ఎరుక కలిగాక మనసు సొంతంగా వాదనలు సమకూర్చుకోసాగింది. పూర్వపక్షాన్ని పూర్తిగా వినిపించిన తర్వాతనే సిద్ధాంతాన్ని స్థాపించే మన తర్క సంప్రదాయానికీ ఈ ప్రయోగాలకూ చారిత్రక సంబంధం లేకపోయినా, ప్రత్యర్థి మాటకు చోటివ్వడంలోనే సొంత మాటకు బలముందన్న గ్రహింపు రెండింటిలోనూ ఉంది. అయితే టీకా నిజానిజాలు చూడదు. సరైన నమ్మకాన్ని కాపాడే పద్ధతే తప్పుడు నమ్మకాన్నీ మార్పుకు లొంగకుండా బిగించగలదు కాబట్టి, దాన్ని ఎవరు దేనికి వాడుతున్నారన్నది చూడక తప్పదు.

ఈ సిద్ధాంతానికి ఇటీవలి ప్రాచుర్యం తప్పుడు సమాచారం వల్ల వచ్చింది. కేంబ్రిడ్జ్ పరిశోధకులు సాండర్ వాన్ డెర్ లిండెన్, యోన్ రోజెన్‌బీక్ పాలుపంచుకుని 2018లో తెచ్చిన 'బ్యాడ్ న్యూస్' ఆటలో ఆడేవాడే అబద్ధాలు పుట్టించేవాడి పాత్ర ధరించి, భయం రేపడం, దొంగ పేరుతో మాట్లాడడం వంటి ఎత్తుగడలను తన చేతులతోనే పన్ని చూస్తాడు. మెక్‌గైర్ వివాదం సోకని నమ్మకాలతోనే పనిచేయగా, నేడు వాతావరణ మార్పు వంటి విషయాల్లో చాలామందికి తప్పుడు వాదన ముందే చేరిపోయి ఉంటోంది. అటువంటివారికి ఇచ్చేదాన్ని పరిశోధకులు చికిత్సాత్మక టీకా అని వేరుగా పేర్కొంటున్నారు.