గాబ్లిన్ల దారిలో ఆదివారం

దారికి అడ్డంగా రెండు గుర్రాలు చచ్చిపడి ఉన్నాయి. ఒంటి నిండా నల్ల ఈకల బాణాలు. అటూ ఇటూ దట్టమైన పొదలు. మీ ఎద్దుబండి ఆగిపోయింది.

"చెప్పండి, ఏం చేస్తారు?" అంటుంది అక్క.

అక్క కూర్చున్నది నిజాంపేటలో మూడో అంతస్తు ఫ్లాటులో, డైనింగ్ టేబుల్‌కి ఆ చివర. ఆవిడ ముందు నిలబెట్టిన రెండు ఆఫీసు ఫైళ్లు, వాటి వెనక మీకు కనపడకూడని నోట్సు. వారమంతా కంపెనీల లెక్కలు తనిఖీ చేసే మనిషి. ఆదివారం డంజన్ మాస్టర్. అంటే అడవీ ఆవిడే, అడవిలో దొంగలూ ఆవిడే, వానా ఆవిడే. టేబుల్ మీద గళ్ల చార్టు పరిచి ఉంది. గడి అంగుళం, ఆటలో ఐదడుగులు. క్యారమ్స్ స్ట్రైకర్ మీ బండి. నల్ల కాయిన్లు ఇంకా డబ్బాలోనే ఉన్నాయి. అవి బయటికి రాకూడదని అందరికీ లోలోపల ఉంది.

నీ చేతిలో ఒక కాగితం. నువ్వు మరుగుజ్జు జాతి పూజారివి. ఇనుప గొలుసుల చొక్కా, డాలు, సుత్తి. ప్రాణం 11 పాయింట్లు, కవచం 18. ఆడటం ఇదే మొదటిసారి కాబట్టి నీకు చెప్పింది ఒక్కటే: ఏం చేయాలనుందో నోటితో చెప్పు, అది అవుతుందో లేదో అనుమానమైతే ఇరవై ముఖాల డైస్ వెయ్యి. చిన్నప్పుడు వీధిలో "నిన్ను కాల్చేశా", "నాకు తగల్లేదు" అని సాయంత్రమంతా కొట్టుకున్నవాళ్లకి ఈ డైస్ విలువ వెంటనే అర్థమవుతుంది.

"నేను దిగి గుర్రాల్ని చూస్తా," అంటాడు బుల్లోడు. బుల్లోడంటే హాఫ్లింగ్ జాతి దొంగ. నడుము ఎత్తు మనిషి. ఆ వేషం కట్టింది ఒక పళ్ల డాక్టరు.

అక్క డబ్బా మూత తీస్తుంది. నాలుగు నల్ల కాయిన్లు, అంటే పొదల్లో నాలుగు గాబ్లిన్లు.

మొదటి రౌండులో మీరెవరూ కదలడానికి లేదు, ఉలిక్కిపడ్డారు కాబట్టి. వరస బాణాలు. మొదటిది 5, రెండోది 6. బుల్లోడి ప్రాణం 9. డాక్టరు తన కాగితం మీద తొమ్మిదిని కొట్టేసి సున్నా వేస్తాడు, పెన్సిల్ మొన విరుగుతుంది.

సున్నా అంటే వెంటనే చావు కాదు. తన వంతు వచ్చినప్పుడల్లా డైస్ వేయాలి. పదీ ఆ పైన పడితే బతుకు వైపు ఒక గీత, తక్కువ పడితే చావు వైపు. ఏ వైపు ముందు మూడు గీతలు పడితే అదే తీర్పు. మొదటిసారి 7. చావు వైపు ఒకటి. రెండో రౌండులో ఒక బాణం నీ డాలుకి తగిలి పక్కకి పోతుంది. మళ్లీ బుల్లోడి వంతు. నీ వంతు అందరికంటే చివర. మంత్రం నీ దగ్గరే ఉంది, నోరు తెరిచే హక్కు మాత్రం ఇంకా రాలేదు.

డైస్ దొర్లి దొర్లి చార్టు అంచున ఆగుతుంది. ఒకటి. ఒకటి పడితే రెండు గీతల కింద లెక్క. మొత్తం మూడు.

ఫ్యాను చప్పుడు వినిపిస్తుంది. మంత్రగత్తె వేషంలో ఉన్నమ్మాయి "ఆగండాగండి" అంటూ పుస్తకం లాక్కుంటుంది. "హాఫ్లింగ్ కదా వీడు! వీళ్లకి ఒకటి పడితే మళ్లీ వేసుకోవచ్చు."

"అది కొట్టేటప్పుడు," అంటాడు పోరాటయోధుడు.

"కొట్టేటప్పుడూ, నైపుణ్యం పరీక్షకీ, గండం గట్టెక్కడానికి వేసే సేవింగ్ త్రోకీ. ఇదీ సేవింగ్ త్రోయే. చదువుకో."

అక్క కళ్లజోడు పైకి తోసుకుని ఆ పేరా రెండుసార్లు చదువుతుంది. నిజానికి ఆవిడకి ముందే తెలుసని నా అనుమానం. "వెయ్యి," అంటుంది.

పద్నాలుగు.

ఆ తర్వాత నీ వంతు. అరవై అడుగుల దూరం నుంచైనా ఒక్క మాటతో మనిషిని లేపే మంత్రం నీది. నాలుగు ముఖాల డైస్ వేస్తావు (ఇది కింద పడితే వెతికి తీయాలి, తొక్కితే పల్లేరుకాయే). "నన్ను లేపింది ఎవర్రా?" అంటూ డాక్టరు కుర్చీలోంచి నిజంగానే లేస్తాడు.

బిర్యానీ ఆలస్యంగా వస్తుంది. తింటూ అక్క ఈ ఆట పుట్టిన సంగతులు చెబుతుంది. అంతకుముందు టేబుల్ మీద సైన్యాలతో యుద్ధాలాడేవారట. మిన్నెసోటాలో డేవ్ ఆర్నెసన్ ఆట తిప్పేశాడు, ఆటగాడికి దళానికి బదులు ఒక్క మనిషిని ఇచ్చి. విస్కాన్సిన్‌లోని లేక్ జెనీవాలో గ్యారీ గైగాక్స్ దానికి రూల్సు రాశాడు. 1974లో మొదట అచ్చేసింది వెయ్యి పెట్టెలే. మీరు ఇవాళ ఆడుతున్న కథ 2014 స్టార్టర్ సెట్‌ది, గుర్రాలతో సహా. కానీ పట్టుబడ్డ గాబ్లిన్ ఎలా మాట్లాడాలో ఆ పెట్టెలో లేదు.

మధ్యాహ్నమంతా దానితోనే గడిచిపోతుంది. మూడు గాబ్లిన్లు చచ్చాయి, నాలుగోదాన్ని చెట్టుకి కట్టేశారు. అక్క గొంతు మారుస్తుంది. "పెద్దాయన గుహలో లేరండీ. రేపు రండి. అప్లికేషన్ తెచ్చుకున్నారా?" మీరంతా పొట్ట పట్టుకుంటారు. యోధుడు కత్తి చూపిస్తానంటాడు. నువ్వు రొట్టెముక్క పెడతానంటావు. డైస్ 8. బాగాలేదు, కానీ అక్క "కుదర్లేదు" అనదు. గాబ్లిన్ రొట్టె తింటుంది, గుహకి దారి చెబుతుంది, చెప్పడం అయిపోగానే గొంతు చించుకుని అరుస్తుంది. ఇప్పుడు దారీ తెలుసు, మీరొస్తున్నారని గుహలోవాళ్లకీ తెలుసు. నా లెక్కలో మంచి డంజన్ మాస్టర్‌కి గుర్తు ఇదే. తప్పిన డైసు కూడా ఆటని ముందుకే తోస్తుంది.

ఎనిమిదవుతుంది. గుహ ముఖద్వారం దగ్గర ఆపేస్తారు. గాబ్లిన్‌కి 50 చొప్పున నాలుగిటికి 200, మనిషికి 50. రెండో లెవెల్‌కి 300 కావాలి. బతికున్నది లెక్కలోకి వస్తుందా అని డాక్టరు అడుగుతాడు. వస్తుందంటుంది అక్క, ఆడిట్ అయిపోయింది, లేవండి.

లిఫ్ట్‌లో పై అంతస్తు పెద్దాయన ఒకరు ముందే ఉన్నారు. మీ నలుగురూ ఎక్కుతారు, మాట ఆగదు.

"వాణ్ని వదిలేస్తే మళ్లీ అరుస్తాడు."

"అలాగని చెట్టుకి కట్టి ఉన్నవాణ్ని చంపుతామా?"

"గుహకి నిప్పు పెట్టేస్తే పనైపోతుంది కదా," అంటుంది మంత్రగత్తె.

పెద్దాయన రెండో అంతస్తులోనే దిగిపోతారు.