ఓడ, రేవు, ప్రయాణికుడు

సంగారెడ్డి జిల్లాలోని కొండాపూరు సముద్రతీరానికి మూడు వందల కిలోమీటర్లకు మించిన దూరంలో ఉన్నది. ఆ ఊరివారిలో అనేకులు ఓడను బొమ్మలో తప్ప చూచి ఉండరు. అయినను ఓడల కథను ఆ ఊరి నుండే మొదలు పెట్టవచ్చును. హైదరాబాదు సంస్థానపు పురావస్తు శాఖవారు గులాం యజ్దానీ ఆధ్వర్యంలో 1941-42లో అక్కడి దిబ్బను త్రవ్వినప్పుడు శాతవాహనుల కాలపు ఇటుక కట్టడాలు, పూసలు, మట్టిబొమ్మలు, వేలకొలది నాణేలు బయటపడినవి. ఆ త్రవ్వకాల స్థలంలో రోము చక్రవర్తి ఆగస్టసు కాలపు బంగారు నాణెం కూడ దొరికినది.

గత సంవత్సరం మా కళాశాల విద్యార్థులను అక్కడి మ్యూజియానికి తీసుకొని వెళ్ళినాను. ఒక పిల్లవాడు వెంటనే అడిగినాడు: "సార్, ఇక్కడ సముద్రమే లేదు గదా, ఆ బిళ్ళ ఎట్ల వచ్చింది?" మంచి ప్రశ్న. ఓడలో వచ్చినది, రేవులో దిగినది, అక్కడి నుండి ఎడ్లబండ్ల మీదనో, పెరికెడ్ల మీదనో చేతులు మారుచు వచ్చి ఉంటుంది అని చెప్పినాను. తిరుగుదారిలో బస్సులో మరొక పిల్లవాడు నా ప్రక్కన వచ్చి కూర్చున్నాడు. వాని అన్న హోటలు మేనేజుమెంటు చదివినాడట. విహారనౌకలో వంటపని ఇప్పిస్తానని ఒక ఏజెంటు పెద్ద మొత్తం అడుగుచున్నాడట. "ఓడ మీద బతుకు ఎట్లుంటది సార్?" అని వాని ప్రశ్న. మొదటి ప్రశ్నకు నాకు వెంటనే జవాబు దొరికినది. రెండవదానికి కొంత చదువవలసి వచ్చినది. ఈ వ్యాసం ఆ చదువు ఫలితమే.

పూర్వకాలపు ఓడకు యజమాని గాలి. ఈజిప్టు రేవులలో వేసవి నడుమ బయలుదేరిన నౌకలు నైరుతి ఋతుపవనాన్ని పట్టుకొని మన దేశానికి వచ్చేవి. గాలి ఈశాన్యం వైపు నుండి తిరిగి వీచేవరకు ఇక్కడనే ఉండిపోయేవి. అనగా రేవులో మజిలీ నెలల తరబడి సాగేది. ఆ నెలలలో ఓడవారు సరకు అమ్మి కొనేవారు, తెరచాపలు కుట్టుకొనేవారు, ఊరివారితో కలసి మెలసి బ్రతికేవారు. టాలెమీ తన భూగోళ గ్రంథంలో మైసోలియా అని వర్ణించిన ప్రాంతం మన కృష్ణా తీరమే. అందులోని కంటకోస్సిలను చరిత్రకారులు కృష్ణా జిల్లా ఘంటసాలతో పోల్చుతారు. ఘంటసాల ప్రాకృత శాసనాలలో ఒకదానిలో 'మహానావికుడు' శివకుని పేరు కలదు. శాతవాహనుల సీసపు నాణేల మీద రెండు తెరచాప కొయ్యల ఓడబొమ్మ కనిపిస్తుంది. ఓడను నాణెం మీద వేసుకొన్న రాజులకు రేవు విలువ తెలియకపోలేదు.

అయితే మన తూర్పుతీరంలో ఒక చిక్కు ఉన్నది. తీరం చాలవరకు తిన్నగా, ఇసుకతో ఉంటుంది. పెద్ద ఓడ ఒడ్డుకు రాలేదు. మైలు దూరంలో లంగరు వేసి నిలుచుంటుంది. అక్కడి నుండి ఒడ్డుకు మనుషులను, మూటలను చేర్చవలసినది మసూలా పడవ. ఈ పడవను గూర్చి భౌతికశాస్త్రం చెప్పే ఉపాధ్యాయులు తరగతిలో తప్పక ప్రస్తావించవలెను. దాని పలకలను మేకులతో బిగించరు. కొబ్బరిపీచు త్రాటితో కుట్టుతారు. మేకులు కొట్టిన గట్టి పడవ ఒడ్డున విరుచుకుపడే కెరటం దెబ్బకు పగిలిపోవచ్చును. కుట్టిన పడవ వంగుతుంది, సాగుతుంది, దెబ్బను తనలో ఇముడ్చుకొంటుంది. ఐరోపా ఇంజనీర్లు వచ్చి ఎన్నో ఏళ్ళు గడచిన తరువాత కూడ మద్రాసులోను, విశాఖలోను గొప్ప గొప్ప దొరలు దిగినది ఈ కుట్టు పడవలలోనే.

ఆవిరి ఓడలు వచ్చిన పిమ్మట గాలి యజమానిత్వం పోయినది. 1856లో కలకత్తా-బర్మా కంపెనీగా మొదలై, 1862లో బ్రిటిష్ ఇండియా కంపెనీగా మారిన సంస్థ ఓడలు కాకినాడ, విశాఖ, భీమునిపట్నం, కళింగపట్నం రేవుల నుండి రంగూనుకు నడిచినవి. మన ఉత్తరాంధ్రులు రంగూనును 'రంగం' అన్నారు. రంగమందలి వారు మనవారిని కోరంగి రేవు పేరుతో 'కోరంగీలు' అన్నారు. వరి మిల్లులలోను, రేవు ధక్కలమీదను కూలి చేయడానికి ఏటేటా వేలకొలది తెలుగువారు ఈ ఓడలెక్కినారు. వారి టిక్కెట్టు పేరు 'డెక్కు టిక్కెట్టు'. గది లేదు, మంచం లేదు. పై తట్టుమీద చాప పరచుకొన్నంత మేరే ఇల్లు. 1915లో గాంధీజీ కలకత్తా నుండి రంగూనుకు డెక్కు ప్రయాణికుడుగా వెళ్ళి, ఆ స్నానపుగదుల మురికిని, మరుగుదొడ్ల దుర్గంధాన్ని తన ఆత్మకథలో నిర్మొగమాటంగా వ్రాసినారు. మద్రాసు, నాగపట్నం నుండి పెనాంగు, సింగపూరులకు నడిచిన 'రజులా' అనే ఓడ 1926లో తయారైనది. మొదట దానికి 5,000కు పైగా డెక్కు ప్రయాణికులను ఎక్కించుకొనే అనుమతి ఉండేది. దాని టన్నేజి సుమారు 8,500 మాత్రమే! ఈ అంకెను పాఠకులు గుర్తుంచుకొనవలెను. ముందు దీనితో పని ఉన్నది.

1941 డిసెంబరు 23న జపాను విమానాలు రంగూను మీద బాంబులు వేసినవి. 1942 మార్చిలో నగరం వారి వశమైనది. ఓడలలో చోటు డబ్బున్నవారికి, పలుకుబడి ఉన్నవారికి ముందు దొరికినది. మిగిలినవారు అడవులగుండా, కొండలమీదుగా అస్సాం వైపు, చట్టగాం వైపు నడిచినారు. భారతదేశానికి తిరిగి వచ్చినవారు నాలుగు లక్షలకు మించి ఉంటారని అంచనా. దారిలో కలరాతోను, ఆకలితోను పోయినవారి లెక్క ఎవరును సరిగా వ్రాసి ఉంచలేదు. ఏప్రిల్ 6న విశాఖ, కాకినాడల మీదను బాంబులు పడినవి. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాలలో 'రంగం నుండి నడిచి వచ్చిన' తాత కథ లేని ఊళ్ళు తక్కువ.

ఆ బాంబులు పడునాటికి విశాఖలో ఓడ ధక్కకు ఆనుకొని నిలువగల రేవు సిద్ధమై తొమ్మిదేళ్ళు కావచ్చినది. అయితే దానిని త్రవ్వినది ప్రయాణికుల కొరకు కాదు. మధ్యపరగణాల మాంగనీసు ఖనిజాన్ని విదేశాలకు పంపడానికి బెంగాల్ నాగపూర్ రైల్వేవారికి సముద్రద్వారం కావలసి వచ్చినది. ఉప్పుటేటి బురదనేలను త్రవ్వి లోపలి రేవును చేసినారు. దక్షిణాన డాల్ఫిన్ నోస్ కొండ గాలికి అడ్డు నిలిచినది. కాని ఇసుక మాట ఏమి? నైరుతి కెరటాలు తీరం వెంబడి ఇసుకను దక్షిణం నుండి ఉత్తరానికి తోసుకొని పోవుచుంటవి. త్రవ్విన కాలువ నోరు పూడిపోవచ్చును. ఇంజనీర్లు జానస్, వెల్లెడ్సన్ అనే రెండు పాత ఓడలను రాళ్ళతో నింపి కాలువకు దక్షిణంగా ముంచివేసినారు. ఆ అడ్డు చాటున నీరు నెమ్మదిస్తుంది. నెమ్మదించిన నీరు ఇసుకను మోయలేక అక్కడనే దించుతుంది. దించిన ఇసుకను తవ్వోడ ఎత్తివేస్తుంది. ముసలి ఓడలు చచ్చి కూడ రేవుకు పనిచేసినవి! అయితే అక్కడ ఆగిన ఇసుక ఉత్తరాన ఉన్న రామకృష్ణా బీచికి చేరదు. అందువల్లనే ఆ బీచి కోసుకొనిపోకుండ తవ్వి తీసిన ఇసుకను అక్కడికి పంపవలసి వస్తున్నది.

1933 అక్టోబరు 7న సింధియా కంపెనీవారి 'జలదుర్గ' ఆ రేవులో ప్రవేశించినది. డిసెంబరు 19న వైస్రాయి విల్లింగ్డన్ రేవును లాంఛనంగా ప్రారంభించినాడు. 1976లో బయటి రేవు వచ్చినది. ఖనిజం, బొగ్గు, నూనె, ఎరువులు, ఒక్కొక్కదానికి వేరు వేరు ధక్కలు ఏర్పడినవి. విహారనౌకల ప్రయాణికుల కొరకు ప్రత్యేకంగా ఒక భవనం, ధక్క ఏర్పడి ప్రారంభమైనది మాత్రం 2023 సెప్టెంబరులో. ఖనిజానికి ధక్క దొరికిన 90 ఏళ్ళకు విహారికి దొరికినదన్నమాట.

ఇంతకు విహారనౌక అనగా నేమి? ఒకచోటికి చేరడానికి కాక, కేవలం ఓడలో ఉండడానికే ఎక్కే ఓడ. 1891లో హాంబర్గు-అమెరికా కంపెనీకి చెందిన ఆల్బర్టు బాలిన్, చలికాలంలో అట్లాంటిక్ ప్రయాణికులు తగ్గి 'ఆగస్టా విక్టోరియా' ఓడ ఊరక పడి ఉండడం చూచి, దానిని మధ్యధరా సముద్రంలో వినోదయాత్రకు పంపినాడు. విహారానికే కట్టిన మొదటి ఓడ 'ప్రింజెసిన్ విక్టోరియా లూయిజె' 1900లో సిద్ధమై, 1906లో జమైకా దగ్గర నేలతట్టి నాశనమైనది. 1958లో జెట్ విమానాలు అట్లాంటిక్‌ను గంటలలో దాటడం మొదలుపెట్టగా ప్రయాణపు ఓడలకు గిరాకి పోయినది. అప్పుడు ఓడ కంపెనీలు బ్రతుకుతెరువుగా విహారాన్ని పట్టుకొన్నవి.

2022 జూన్‌లో విశాఖకు వచ్చిన 'ఎంప్రెస్' ఇటువంటిదే. ఫ్రాన్సులో 1990లో కట్టినారు. పొడవు 211 మీటర్లు, టన్నేజి 48,000కు పైగా. ఇక్కడ విద్యార్థులు తరచు పొరపడుతారు: ఈ టన్నేజి బరువు కాదు, ఓడ లోపలి చోటుకు కొలత. సూత్రం ప్రకారం లెక్క కట్టితే ఇది సుమారు 1,60,000 ఘనమీటర్లు అవుతుంది. ప్రయాణికులు రెండువేల లోపు. 'రజులా'ను ఇప్పుడు గుర్తుకు తెచ్చుకొనండి. రెండు కాలాల టన్నేజి కొలతలు అచ్చంగా ఒకటి కావు. అయినను తలకు వచ్చే చోటు కనీసం పది రెట్లు పెరిగినదని చెప్పవచ్చును. ఆ పెరిగిన చోటులో ఈతకొలను, నాటకశాల, భోజనశాలలు ఇమిడినవి.

ఇటువంటి ఓడ రేవుకు వచ్చే దినం ఇట్లుంటుంది. తెల్లవారుజామున రేవు పైలటు లాంచీలో ఎదురు వెళ్ళి త్రాటి నిచ్చెన మీదుగా ఓడ ఎక్కుతాడు. ఆ నీటి లోతు, ప్రవాహం అతనికి కంఠస్థం. అయినను బాధ్యత కెప్టెనుదే. టగ్గులు ప్రక్కలు పట్టుకొంటవి. ఓడ ముక్కు దగ్గర అడ్డంగా అమర్చిన చిన్న చక్రం ఓడను ప్రక్కకు తోస్తుంది. మొదట సన్నని త్రాడు ధక్క మీదికి విసరుతారు, దాని కొసన లావు మోకు వస్తుంది. ఆటుపోటులకు ఓడ లేచి దిగునప్పుడెల్ల మోకులు బిగించడం, వదలడం దినమంతా సాగే పని. ఇంకొక దేశం నుండి వచ్చినదైతే, ఓడలో అంటువ్యాధి లేదని రేవు వైద్యాధికారి ఒప్పుకొనే వరకు ఎవరును దిగరాదు. ఆ అనుమతి కోరే గుర్తు పసుపుపచ్చ జెండా. లోతు చాలని రేవులలో ఓడ దూరాన లంగరు వేసి, తన లాంచీలతో మనుషులను ఒడ్డుకు చేర్చుతుంది. మసూలా పడవ ఇంకొక రూపంలో బ్రతికే ఉన్నది.

ఓడ రేవులో ఉండేది నెలలు కాదు, పది పన్నెండు గంటలు. యాత్ర మొదలై ముగిసే రేవులో ఉదయం ఒక జట్టు దిగుతుంది, సాయంత్రం ఇంకొక జట్టు ఎక్కుతుంది. ఈ నడుమ వందల గదులు తుడవాలి, దుప్పట్లు మార్చాలి, ప్రక్క తలుపులగుండా కూరగాయలు, బియ్యం, పాలు, మాంసం లోపలికి చేరాలి, చెత్త బయటికి పోవాలి, ఇంధనం ఎక్కాలి. మంచినీరు చాలవరకు ఓడలోనే తయారవుతుంది. ఇంజను వేడితో సముద్రపు నీటిని ఆవిరి చేసి చల్లార్చడం ఒక పద్ధతి, సన్నని పొర గుండా ఒత్తిడితో పంపడం ఇంకొకటి. మురుగును శుద్ధి చేయకుండ తీరానికి 12 నాటికల్ మైళ్ళ లోపల వదలరాదని అంతర్జాతీయ నియమం. ప్లాస్టిక్కును ఎక్కడను వదలరాదు. ఎక్కిన ప్రయాణికులందరు మొదట ప్రాణరక్షణ కవాతులో హాజరు కావలెను. 2012లో ఇటలీ తీరాన 'కోస్టా కాంకార్డియా' రాతికి తగిలి ఒరిగిపోయిన తరువాత, ఈ కవాతు బయలుదేరక ముందో, బయలుదేరిన వెంటనేనో జరగాలని నిబంధన బిగించినారు.

ప్రయాణికుడు చూచే ఓడ ఇది. బస్సులో నన్ను అడిగిన పిల్లవాని అన్న చూడబోయే ఓడ వేరు. ఇద్దరు ముగ్గురు ప్రయాణికులకు ఒక పనివాడు ఉంటాడు. వారి గదులు క్రింది అంతస్తులలో, చాలవరకు కిటికీ లేకుండ, ఇద్దరికో అంతకు మించినవారికో ఒకటి. ఒప్పందం ఆరు నుండి తొమ్మిది నెలలు. ఆ కాలంలో వారపు సెలవన్నది దాదాపు ఉండదు. ఒడ్డున ఊరు కనిపిస్తూనే ఉంటుంది కాని, రేవు దినమే వంటవానికి, గదులు తుడిచేవానికి అన్నిటికంటె పని ఎక్కువైన దినం. సముద్రోద్యోగుల కొరకు 2006లో చేసిన అంతర్జాతీయ ఒప్పందం ప్రకారం పనివానికి 24 గంటలలో కనీసం 10 గంటలు, వారంలో 77 గంటలు విశ్రాంతి ఇవ్వవలెను, లేదా పనివేళలు దినానికి 14, వారానికి 72 గంటలు మించరాదు. అంత పని చట్టసమ్మతమేనని కూడ దీనినుండి గ్రహించవచ్చును! మన దేశం ఆ ఒప్పందాన్ని 2015లో ఆమోదించినది.

అదే ఒప్పందంలో ఆ కుటుంబానికి కావలసిన మాట ఒకటి ఉన్నది. ఉద్యోగం ఇప్పించినందుకు సముద్రోద్యోగి దగ్గర రుసుము తీసుకొనరాదు. వైద్యపరీక్ష, పాస్‌పోర్టు, నావికుని పుస్తకం వంటివాని ఖర్చు మాత్రమే అతనిది. ఇట్టి ఉద్యోగాలకు మనుషులను చేర్చే సంస్థకు డైరెక్టరేట్ జనరల్ ఆఫ్ షిప్పింగ్ ఇచ్చిన లైసెన్సు ఉండవలెను. ఆ ఏజెంటును లైసెన్సు సంఖ్య అడుగుమని పిల్లవానితో చెప్పి పంపినాను.

రెండు వారాల తరువాత వాడు కనిపించినాడు. ఏజెంటు సంఖ్య చెప్పలేదట, ఫోను ఎత్తడం కూడ మానినాడట. అన్న మాత్రం ఓడ ఆలోచన వదలలేదు. నీటిలో దూకడం, తేలడం, మంట ఆర్పడం నేర్పే ప్రాథమిక రక్షణ శిక్షణ ముందు పూర్తిచేయాలని తెలుసుకొన్నాడట.

"ఇప్పుడు ఏం చేస్తున్నాడు?" అని అడిగినాను.

"మా బాయిల ఈత నేర్సుకుంటున్నడు సార్."