మస్తిష్క పక్షవాతం - చేతి చికిత్స

ఎదుగుతున్న మెదడుకు గర్భంలో, ప్రసవ సమయంలో లేదా శైశవంలో కలిగిన హాని వలన ఏర్పడే కదలికల లోపాన్ని '''మస్తిష్క పక్షవాతం''' లేదా సెరిబ్రల్ పాల్సీ అంటారు. మెదడుకు కలిగిన హాని పెరగదు. కాని వాడకపోతే చేయి బిగుసుకుపోతుంది.

== లక్షణాలు ==
చాలామంది పిల్లలలో మోచేయి, మణికట్టు ముడుచుకొని, బొటనవ్రేలు అరచేతిలోనికి మడుచుకుంటుంది. ఒక ప్రక్క మాత్రమే లోపమున్న పిల్లలు పనులన్నీ మంచి చేతితోనే చేస్తారు. అందువలన రెండవ చేతికి పని అలవడదు. ఏడాది నిండకముందే బిడ్డ ఎప్పుడూ ఒకే చేతిని వాడుతుంటే వైద్యునికి చూపించాలి.

== చికిత్స ==
ఇతరులు చేతిని సాగదీయటం, మర్దన చేయటం మాత్రమే చాలవు. బిడ్డ స్వయంగా, తనకు కావలసిన పనిని పలుమార్లు చేయటం వలననే నైపుణ్యం పెరుగుతుంది. ఇందుకు రెండు ముఖ్య పద్ధతులున్నాయి.
* '''నిర్బంధ పద్ధతి''': మంచి చేతికి కొన్ని గంటలు తొడుగు వేసి, బలహీనమైన చేతితో ఆడించటం. దీనికి ఎడ్వర్డ్ టాబ్ పరిశోధనలు మూలం.
* '''ద్విహస్త పద్ధతి''': రెండు చేతులూ అవసరమయ్యే పనులు చేయించటం.

సమానమైన గంటలు సాధన చేస్తే రెండింటి ఫలితాలు దాదాపు సమానం.

== ఇంటివద్ద సాధన ==
నంద్యాల జిల్లా (2022 వరకు కర్నూలు జిల్లా) ఆత్మకూరు వంటి ఊళ్ళ నుండి రోజూ నగరానికి వెళ్ళటం కుటుంబాలకు కష్టం. వేరుశనగ కాయలు ఒలవటం, జొన్నపిండి పిసకటం, డబ్బా మూత తీయటం, గుండీలు పెట్టుకోవటం ఇంట్లోనే చేయించవచ్చు. పిల్లలు గింజలు మింగకుండా పెద్దలు దగ్గరుండాలి. ఏ పని, ఎంతసేపు అన్నది ఫిజియోథెరపిస్టు నిర్ణయించాలి.

== సహాయం ==
ఆంధ్రప్రదేశ్‌లో ప్రత్యేక అవసరాల పిల్లలకు సమగ్ర శిక్ష ఆధ్వర్యంలో భవిత కేంద్రాలున్నాయి. 2016 వికలాంగుల హక్కుల చట్టం గుర్తించిన 21 వైకల్యాలలో మస్తిష్క పక్షవాతం ఒకటి. వైకల్యం 40 శాతం లేదా అంతకు మించిన పిల్లలకు 6 నుండి 18 సంవత్సరాల వరకు ఉచిత విద్య హక్కుగా లభిస్తుంది.