ఆఫ్రో-ఆసియా క్రీడలు (హైదరాబాద్, 2003)

ఆసియా, ఆఫ్రికా దేశాల మధ్య 2003 అక్టోబర్ 24 నుంచి నవంబర్ 1 వరకు హైదరాబాద్‌లో జరిగిన క్రీడోత్సవం ఇది. అథ్లెటిక్స్, ఫుట్‌బాల్, హాకీ, టెన్నిస్, బాక్సింగ్, షూటింగ్, ఈత, వెయిట్‌లిఫ్టింగ్ అనే ఎనిమిది అంశాల్లో పోటీలు నడిచాయి. పాల్గొన్న దేశాలు 96 అన్నదే ఎక్కువ చోట్ల కనిపించే లెక్క. క్రీడాకారులు రెండు వేలు దాటారు. ఈ పేరుతో జరిగిన మొదటి క్రీడలు ఇవే, ఇప్పటిదాకా చివరివీ ఇవే. గెలుపోటముల కన్నా ఈ క్రీడల కోసం నగరం చేసుకున్న ఏర్పాట్లే తెలుగువారి చరిత్రలో ఎక్కువ కాలం నిలిచాయి కాబట్టి ఇక్కడ వాటి గురించే విస్తరించి రాయడం జరిగింది.

ఇరవై ఏళ్ల వాయిదా

రెండు ఖండాలకు కలిపి ఒక క్రీడోత్సవం ఉండాలన్న ఆలోచన 1983 నాటిదని చెబుతారు. అంతకు ముందు ఏడాదే ఢిల్లీ ఆసియా క్రీడలు జరిపి ఉంది. కొత్త స్టేడియాలు, ఫ్లైఓవర్లు, రంగుల టీవీ ప్రసారాలు దేశానికి ఒక ఊపు తెచ్చిన రోజులవి. ఆతిథ్యం మొదట ఢిల్లీకి అనుకున్నారు. తర్వాత కువైట్ పేరు వచ్చింది. 1990లో ఇరాక్ కువైట్‌ను ఆక్రమించుకోవడంతో ఆ దారీ మూసుకుపోయింది. ఆ తర్వాత పదేళ్ల పాటు ప్రతిపాదన కాగితాల మీదే ఉండిపోయింది.

చివరికి 2001 నవంబర్‌లో ఢిల్లీలో జరపాలని ఖరారు చేశారు. ఏర్పాట్లు సాగుతుండగానే సెప్టెంబర్ 11న అమెరికా మీద దాడులు జరిగాయి, అక్టోబర్‌లో అఫ్గానిస్థాన్‌లో యుద్ధం మొదలైంది. క్రీడలు ఇంకోసారి వాయిదా పడ్డాయి. అప్పుడు భారత ఒలింపిక్ సంఘం అధ్యక్షుడు సురేశ్ కల్మాడీ.

హైదరాబాద్ ఎంపిక

ఢిల్లీకి అనుకున్న క్రీడలు హైదరాబాద్‌కు ఎలా వచ్చాయన్న దానికి రెండు వివరణలు వినిపిస్తాయి. నగరానికి ప్రపంచంలో పేరు తేవాలన్న ముఖ్యమంత్రి నారా చంద్రబాబునాయుడి పట్టుదల వల్లే వచ్చాయన్నది మొదటిది. అప్పటికి ఆయన 1989 నుంచి కుప్పం శాసనసభ్యుడు, 1995 నుంచి ముఖ్యమంత్రి. 32వ జాతీయ క్రీడల కోసం కట్టిన స్టేడియాలు అప్పటికే సిద్ధంగా ఉన్నాయన్నది రెండోది. ఆ జాతీయ క్రీడలు 2002 డిసెంబర్ 13 నుంచి 22 వరకు హైదరాబాద్‌లోను, కొంత భాగం విశాఖపట్నంలోను జరిగాయి. పతకాల పట్టికలో ఆంధ్రప్రదేశే మొదట నిలిచింది.

రెండో వివరణకే బలం ఎక్కువ. ఇరవై ఏళ్లు వాయిదా పడిన క్రీడలకు ఏ నగరమూ కొత్తగా స్టేడియాలు కట్టే సాహసం చేయదు. కట్టినవి చేతిలో ఉన్న నగరానికే అవి వస్తాయి. అయితే ఆ స్టేడియాలు కట్టించిందీ ముఖ్యమంత్రి పట్టుదలే కాబట్టి మొదటి మాటనూ పూర్తిగా తోసిపుచ్చనక్కర్లేదు.

భారతదేశంలో అంతకు ముందు అంతర్జాతీయ బహుళ క్రీడోత్సవాలు జరిపిన నగరాలు తక్కువ. ఢిల్లీ 1951లోను, 1982లోను ఆసియా క్రీడలు జరిపింది. కలకత్తా 1987లో, మద్రాసు 1995లో దక్షిణాసియా క్రీడలు జరిపాయి. వీటి పక్కన హైదరాబాద్ అనుభవంలో చిన్నది. 2001 జనాభా లెక్కల నాటికి నగరపాలక సంస్థ పరిధిలో ఉన్నది సుమారు 36 లక్షల మంది. క్రీడలకు కేంద్రమైన గచ్చిబౌలి అప్పటికి నగరంలో భాగమే కాదు, శేరిలింగంపల్లి పురపాలక సంఘంలో ఉండేది. 2007 ఏప్రిల్‌లో గ్రేటర్ హైదరాబాద్ నగరపాలక సంస్థ ఏర్పడ్డాకే అది నగరంలో కలిసింది.

గచ్చిబౌలి

హైదరాబాద్‌కు ఆటల కేంద్రం మొదటి నుంచీ ఫతేమైదాన్. 1687లో గోల్కొండను ముట్టడించిన మొగలు సేన విడిది చేసిన చోటు అదేనని, గెలుపు గుర్తుగా ఆ పేరు వచ్చిందని చెబుతారు. లాల్‌బహదూర్ స్టేడియం అక్కడే ఉంది. ఊరి నడిబొడ్డు, బస్సు దిగితే నడిచి వెళ్లేంత దూరం. జాతీయ క్రీడల ప్రణాళిక ఈ కేంద్రాన్ని పడమటికి జరిపింది.

గచ్చిబౌలి ప్రాంతం నల్లరాతి గుండ్లతో, ముళ్లపొదలతో నిండిన ఎగుడుదిగుడు నేల. 1974లో ఏర్పడిన హైదరాబాద్ విశ్వవిద్యాలయం తర్వాత ఆ వైపుకు వచ్చింది. 1998లో సైబర్ టవర్స్, ట్రిపుల్ ఐటీ, 2001లో ఇండియన్ స్కూల్ ఆఫ్ బిజినెస్ వచ్చాయి. రోడ్ల మధ్య ఖాళీలు ఇంకా పెద్దవే. గుండ్లు పగలగొట్టి చదును చేసిన ఆ నేల మీద అథ్లెటిక్స్ స్టేడియం, ఇండోర్ స్టేడియం, ఈతకొలను, హాకీ మైదానం ఒకే ఆవరణలో లేచాయి. అథ్లెటిక్స్ స్టేడియంలో సుమారు 30 వేల మంది కూర్చోవచ్చు. దానికి లోక్‌సభ స్పీకర్‌గా ఉండగా 2002 మార్చి 3న కృష్ణా జిల్లా కైకలూరు దగ్గర హెలికాప్టర్ ప్రమాదంలో చనిపోయిన జి.ఎం.సి. బాలయోగి పేరు పెట్టారు.

షూటింగ్ రేంజి విశ్వవిద్యాలయం ఆవరణలో ఏర్పాటైంది. యూసుఫ్‌గూడలో కోట్ల విజయభాస్కరరెడ్డి పేరు మీద, సరూర్‌నగర్‌లో ఇండోర్ స్టేడియాలు వచ్చాయి. టెన్నిస్ మాత్రం పాతచోటే, ఫతేమైదాన్‌లోని శాప్ కోర్టుల్లో ఉండిపోయింది. రాష్ట్ర క్రీడా ప్రాధికార సంస్థను జనం శాప్ అనే పిలిచేవారు.

రవాణాలో చెప్పుకోదగ్గ మార్పు ఎంఎంటీఎస్ రైళ్లు. క్రీడలకు రెండున్నర నెలల ముందు, 2003 ఆగస్టు 9న, అప్పటి ఉపప్రధాని ఎల్.కె. ఆడ్వాణీ వాటిని ప్రారంభించారు. వాటిని క్రీడల ఏర్పాట్లలో భాగంగా లెక్కవేయడం సరికాదనిపిస్తుంది. ఆ పథకం దానికదిగా నడిచింది, పైగా రైలు హైటెక్ సిటీ మీదుగా లింగంపల్లి వెళుతుందే తప్ప గచ్చిబౌలి స్టేడియం గేటు దాకా రాదు. అయినా పడమటి శివారును నగరంతో కుట్టిన మొదటి దారం అదే.

కరవు ఏటి స్టేడియాలు

ఈ సన్నాహాలను ఆ కాలపు వానల నుంచి విడదీసి చూడడం న్యాయం కాదు. 2002లో నైరుతి రుతుపవనాలు దేశమంతటా దెబ్బతీశాయి. ఆంధ్రప్రదేశ్‌లో కరవు తీవ్రంగా పడింది. రాయలసీమలో వేరుశనగ పెట్టిన రైతుకు పెట్టుబడి కూడా తిరిగి రాని రోజులవి. మదనపల్లె, పుంగనూరు, కుప్పం వైపు బోరు మీద బోరు వేసి నీళ్లు పడక అప్పుల్లో కూరుకుపోయిన ఇళ్లు పల్లెపల్లెకూ ఉండేవి. ఆ పరిస్థితిలో ప్రభుత్వ ధ్యాస స్టేడియాల మీద ఉండడం ప్రతిపక్షానికి గట్టి ఆయుధమైంది.

కాంగ్రెస్ నాయకుడు వై.ఎస్. రాజశేఖరరెడ్డి 2003 ఏప్రిల్ 9న పాదయాత్ర మొదలుపెట్టిన చేవెళ్ల కూడా గచ్చిబౌలి ఉన్న రంగారెడ్డి జిల్లాలోనిదే. జూన్ నెలలో ఇచ్ఛాపురం చేరే దాకా ఆయన సుమారు పదిహేను వందల కిలోమీటర్లు నడిచారు. ఒకే ఏడాది, ఒకే జిల్లాలో ఒక రోడ్డు స్టేడియానికి, ఇంకో రోడ్డు ఎండిన చేలకు వెళ్లింది.

దీనికి ప్రభుత్వం వైపు నుంచి వచ్చే జవాబు తెలిసిందే: స్టేడియాల వెంట పెట్టుబడులు వస్తాయి, వాటి వెంట ఉద్యోగాలు. పడమటి హైదరాబాద్ తర్వాత పెరిగిన తీరు చూస్తే ఆ మాట అబద్ధం కాలేదు. కానీ ఆ ఉద్యోగాలు వచ్చిన నాటికి బోరు అప్పు తీర్చవలసిన రైతు గడువు దాటిపోయింది. ఈ రెండూ నిజాలే. ఒకదాన్ని చూపి రెండోదాన్ని కొట్టిపారేసిన రాతలను జాగ్రత్తగా చదవాలి.

అలిపిరి, భద్రత

క్రీడలకు 23 రోజుల ముందు, 2003 అక్టోబర్ 1న, తిరుమల బ్రహ్మోత్సవాల సందర్భంగా శ్రీవారికి పట్టువస్త్రాలు సమర్పించడానికి వెళుతున్న ముఖ్యమంత్రి వాహనశ్రేణిపై అలిపిరి దగ్గర పీపుల్స్ వార్ నక్సలైట్లు క్లెమోర్ మైన్లు పేల్చారు. ముఖ్యమంత్రి గాయాలతో బయటపడ్డారు. అదే కారులో ఉన్న మంత్రి, శ్రీకాళహస్తి శాసనసభ్యుడు బొజ్జల గోపాలకృష్ణారెడ్డీ గాయపడ్డారు. తొంభై పైచిలుకు దేశాల జట్లు రావలసిన నెలలో జరిగిన దాడి ఇది. క్రీడలను మరోసారి వాయిదా వేయకపోవడం గమనించదగ్గది. రెండేళ్ల ముందు ఎక్కడో న్యూయార్క్‌లో జరిగిన దాడికి ఢిల్లీలో ఆగిన క్రీడలు, సొంత రాష్ట్రంలో ముఖ్యమంత్రి మీదే దాడి జరిగినా హైదరాబాద్‌లో అనుకున్న తేదీకే మొదలయ్యాయి. ఎవరి పట్టుదల ఎంత అన్న చర్చ ఎలా ఉన్నా, ఇది ఆనాటి అధికారులకు, పోలీసులకు దక్కవలసిన గౌరవం.

పోటీలు

పతకాల్లో చైనా మొదట, 19 స్వర్ణాలతో భారత్ రెండో స్థానంలో నిలిచాయి. పురుషుల హాకీ ఫైనల్లో భారత్ పాకిస్థాన్‌ను ఓడించింది. మహిళల హాకీ స్వర్ణమూ మనదే. ఫుట్‌బాల్‌లో ఫైనల్ దాకా వెళ్లి ఉజ్బెకిస్థాన్ చేతిలో ఓడి రజతం తెచ్చుకున్నారు. ఆగస్టులో పారిస్ ప్రపంచ పోటీల్లో కాంస్యం గెలిచి వచ్చిన అంజూ బాబీ జార్జ్ లాంగ్‌జంప్‌లో స్వర్ణం అందుకుంది.

హైదరాబాద్ ప్రేక్షకులు గుర్తుపెట్టుకున్నది మాత్రం టెన్నిస్ కోర్టు. జులైలో వింబుల్డన్ బాలికల డబుల్స్ గెలిచి వచ్చిన సానియా మీర్జాకు అప్పటికి ఇంకా 17 ఏళ్లు నిండలేదు. సొంత ఊళ్లో సింగిల్స్, డబుల్స్, మిక్స్‌డ్ డబుల్స్, జట్టు విభాగం నాలుగింటిలోనూ ఆమె స్వర్ణాలే గెలిచింది. కొత్త స్టేడియాలన్నీ పడమట ఉంటే, ఊరు తన బిడ్డగా చేసుకున్న క్రీడాకారిణి పాత ఫతేమైదాన్‌లో గెలవడం విశేషం.

స్వర్ణం వచ్చినప్పుడల్లా వినిపించిన జాతీయగీతానికి మదనపల్లె ప్రాంతంతో ఉన్న సంబంధం ఇక్కడ ఒక మాటగా చెప్పుకోవచ్చు. 1919 ఫిబ్రవరిలో మదనపల్లె బీసెంట్ కళాశాలలో బస చేసినప్పుడు రవీంద్రనాథ్ ఠాగూర్ ఆ గీతాన్ని ఇంగ్లీషులోకి మార్చారు. ఇప్పుడు పాడే బాణీ కూడా మార్గరెట్ కజిన్స్ సాయంతో అక్కడే కుదిరిందంటారు. అనువాదానికి ఆధారం గట్టిది, బాణీ సంగతిని అంత ఖాయంగా చెప్పలేం.

క్రీడల తర్వాత

క్రీడలు ముగిసిన నెలలోనే శాసనసభ రద్దయింది. 2004 ఎన్నికల్లో తెలుగుదేశం ఓడిపోయి రాజశేఖరరెడ్డి ముఖ్యమంత్రి అయ్యారు. రెండో ఆఫ్రో-ఆసియా క్రీడలు 2007లో అల్జీరియాలో జరగాలన్న ప్రతిపాదన అమలుకాలేదు.

సన్నాహాల కాలంలో జరిగిన భూకేటాయింపుల చరిత్ర మాత్రం క్రీడల చరిత్ర కన్నా చాలా పొడవైంది. 2003 ఆగస్టులో ప్రభుత్వం ఐఎంజీ భారత అనే సంస్థతో ఒప్పందం చేసుకుంది. క్రీడా అకాడమీలు పెట్టడానికి ఆ సంస్థకు కంచ గచ్చిబౌలిలో 400 ఎకరాలు, మామిడిపల్లిలో 450 ఎకరాలు ఇవ్వాలన్నది అందులో ముఖ్యాంశం. పని మొదలుకాలేదంటూ 2006లో తర్వాతి ప్రభుత్వం కేటాయింపు రద్దు చేసింది. వ్యాజ్యం దాదాపు రెండు దశాబ్దాలు నడిచి, 2024లో హైకోర్టులోను, సుప్రీంకోర్టులోను ప్రభుత్వం పక్షానే తేలింది. ఆ వెంటనే ఆ 400 ఎకరాల్లో చెట్లు కొట్టి చదును చేయబోతే విశ్వవిద్యాలయం విద్యార్థులు అడ్డు నిలిచారు. 2025 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు పనులు ఆపించింది. క్రీడల పేరుతో కేటాయించిన ఆ నేల మీద ఇన్నేళ్లలో ఒక్క క్రీడా అకాడమీ కూడా వెలవలేదు.

అదే 2003లో, 2001 ఆల్ ఇంగ్లండ్ విజేత పుల్లెల గోపీచంద్‌కు బ్యాడ్మింటన్ అకాడమీ కోసం గచ్చిబౌలిలోనే ఐదెకరాలు ఇచ్చారు. కట్టడానికి డబ్బు చాలక ఆయన ఇల్లు తాకట్టు పెట్టారు. పారిశ్రామికవేత్త నిమ్మగడ్డ ప్రసాద్ విరాళంతో 2008లో అకాడమీ తెరుచుకుంది. 2012లో లండన్ ఒలింపిక్స్ కాంస్యం గెలిచిన సైనా నెహ్వాల్, 2016లో రియో రజతం గెలిచిన పి.వి. సింధు అక్కడే సాధన చేశారు. ఆ కాలపు భూకేటాయింపుల్లో ఆటకు ఎకరానికి ఎంత ఫలితం దక్కిందని అడిగితే చెప్పవలసిన జవాబు ఈ ఐదెకరాలే.

స్టేడియాలు ఖాళీగా పాడుపడ్డాయన్న మాట తరచూ వినిపిస్తుంది. అది సగమే నిజం. 2007 అక్టోబర్‌లో ప్రపంచ సైనిక క్రీడలు, 2009 ఆగస్టులో ప్రపంచ బ్యాడ్మింటన్ పోటీలు గచ్చిబౌలిలోనే జరిగాయి. 2019లో బాలయోగి స్టేడియం హైదరాబాద్ ఎఫ్‌సీకి సొంత మైదానమైంది. మధ్యలో ఏళ్ల తరబడి నిర్వహణ కుంటుపడిన మాటా నిజమే. క్రీడాకారుల వసతికని ఆ ఆవరణలో కట్టిన బహుళ అంతస్తుల భవనాన్ని 2020 ఏప్రిల్‌లో కొవిడ్ కాలంలో 1,500 పడకల ఆసుపత్రిగా మార్చారు. టిమ్స్ అని పేరు పెట్టింది దానికే.

2014 రాష్ట్ర విభజనతో ఈ స్టేడియాలన్నీ తెలంగాణకు వెళ్లాయి. రాయలసీమ, కోస్తా జిల్లాల పన్నులు కూడా కలిసిన ఆ ఆస్తిలో కొత్త ఆంధ్రప్రదేశ్ వాటాకు మిగిలింది జాతీయ క్రీడల నాడు విశాఖకు దక్కిన కొద్దిపాటి వసతులే. 2024లో మళ్లీ ముఖ్యమంత్రి అయిన చంద్రబాబునాయుడు ప్రభుత్వం 2029 జాతీయ క్రీడలను అమరావతిలో జరపాలన్న కోరికను బయటపెట్టింది.