గాజుపలకపై వెలుగు: హైదరాబాదులో ఛాయాచిత్రముల చరిత్ర

తార్నాక వైపు నుండి ఉస్మానియా విశ్వవిద్యాలయ ప్రాంగణములోనికి వెళ్ళేవారిని ఆర్ట్స్ కళాశాల భవనము ఒక్క నిమిషమైనా నిలబెడుతుంది. బెల్జియము దేశపు వాస్తుశిల్పి ఎర్నెస్ట్ జాస్పర్ రూపకల్పన చేసిన ఈ గ్రానైటు భవనమునకు 1939 డిసెంబరు 4వ తేదీన ప్రారంభోత్సవము జరిగినది. ఉదయపు ఎండ ఆ రాతికి ఒక రంగునిస్తే, సాయంకాలపు ఎండ మరొక రంగునిస్తుంది. ప్రొద్దు వాలినకొద్దీ నీడలు మెట్లపై సాగుతవి. విద్యార్థులు, యాత్రికులు ఆ దృశ్యమును చేతిలోని ఫోనుతో క్షణములో పట్టి దాచుకొంటున్నారు.

వెలుగును పట్టి దాచుట ఎల్లప్పుడు ఇంత సులువైన పని కాదు. ఫోనులు రాక పూర్వము, ఫిల్ములు వాడుకలోనికి రాక పూర్వము, ఆ పని చేసినది గాజు. హైదరాబాదులో ఆ గాజునకు రెండు చరిత్రలు ఉన్నవి. ఒకటి కళకు చెందినది, రెండవది శాస్త్రమునకు చెందినది. చివరకు రెండూ ఒకే పాఠమును చెప్పుతవి.

గాజే ఎందుకు?

సిల్వర్ బ్రోమైడు వంటి వెండి లవణములు వెలుగు సోకితే మార్పు చెందుతవి. వెలుగు తగిలిన స్ఫటికములలో కంటికి కనబడనంత చిన్నవైన వెండి చుక్కలు ఏర్పడుతవి. పలకను డెవలపరు ద్రావణములో ముంచినప్పుడు ఆ స్ఫటికములు నల్లని వెండిగా మారుతవి. వెలుగు తగలని లవణమును 'హైపో' అనే సోడియం థయోసల్ఫేటు కరగించి తీసివేస్తుంది. కనుకనే నెగెటివులో తెల్లని వస్తువు నల్లగాను, నల్లని వస్తువు తెల్లగాను కనబడుతుంది.

అయితే ఈ లవణమును పట్టి ఉంచుటకు ఒక ఆధారము కావలెను. తొలినాళ్ళలో కాగితము వాడినారు. కాగితపు నారల వలన బొమ్మ మసకబారేది. గాజు నునుపైనది, వెలుగును పోనిచ్చేది. 1851లో ఇంగ్లండులో ఫ్రెడరిక్ స్కాట్ ఆర్చర్ కొలోడియను అనే జిగట ద్రవమును గాజుపై పూసే పద్ధతిని ప్రకటించినాడు. ఆ పూత ఆరకముందే బొమ్మ తీయవలెను, అప్పటికప్పుడే కడగవలెను. కాబట్టి ఊరూరు తిరిగే ఫొటోగ్రాఫరు చీకటి గుడారమును, మందు సీసాలను, గాజుపలకల పెట్టెను వెంట మోసుకొని పోవలసి వచ్చేది. 1871లో రిచర్డ్ లీచ్ మాడక్స్ అనే వైద్యుడు కొలోడియనుకు బదులు జిలటినును వాడవచ్చునని చూపినాడు. దానినుండి పొడిపలకలు పుట్టినవి. వాటిని ముందే తయారుచేసి పెట్టుకొనవచ్చును. బొమ్మ తీసిన తరువాత తీరికగా కడుగుకొనవచ్చును.

ముసవ్విర్ జంగ్

హైదరాబాదునకు ఈ కళను తెచ్చి నిలిపినవారిలో ముఖ్యుడు లాలా దీన్ దయాళ్. ఆయన 1844లో మీరట్ సమీపమున గల సర్ధానాలో జన్మించినాడు. రూర్కీలో ఇంజనీరింగు చదివి, ఇందోరులో ప్రభుత్వోద్యోగము చేస్తూ 1874 ప్రాంతమున ఫొటోగ్రఫీ నేర్చినాడు. 1882లో సర్ లెపెల్ గ్రిఫిన్ వెంట మధ్య భారతమున సంచరించి ప్రాచీన కట్టడముల ఛాయాచిత్రములు తీసినాడు. ఆ తరువాత ఆరవ నిజాము మహబూబ్ అలీ ఖాన్ ఆస్థాన ఛాయాచిత్రకారుడైనాడు. 1886లో సికిందరాబాదులో స్టూడియో తెరచినాడు. పరదా పాటించే స్త్రీల కొరకు 1892లో ప్రత్యేకముగా మరొక స్టూడియో ఏర్పరచి, దాని నిర్వహణను ఒక ఆంగ్ల మహిళకు అప్పగించినాడు. నిజాము ఆయనకు 'రాజా బహద్దర్ ముసవ్విర్ జంగ్' అనే బిరుదునిచ్చినాడు. ముసవ్విర్ అనగా చిత్రకారుడు.

దీన్ దయాళ్ 1905లో మరణించినాడు. ఆయన తీసిన రాజప్రాసాదములలో, మనుష్యులలో, వీధులలో అనేకము కాలగర్భమున కలిసిపోయినవి. వాటిపై పడి మరలిన వెలుగు గాజుపై నిలిచియున్నది. న్యూఢిల్లీలోని ఇందిరాగాంధీ జాతీయ కళాకేంద్రము 1989లో ఆయన గాజు నెగెటివులను 2,857 సేకరించినది.

ఆకాశమును పట్టిన పలకలు

దీన్ దయాళ్ జీవితపు చివరి రోజులలోనే అదే నగరములో గాజుపలకకు మరొక పని సిద్ధమగుచున్నది. నవాబు జఫర్ జంగ్ అనే ప్రభువుకు ఖగోళశాస్త్రముపై మక్కువ ఎక్కువ. ఆయన 1901లో ఫిసల్‌బండలోని తన ఎస్టేటులో వేధశాల ఏర్పాటునకు పూనుకొని, దానికి నిజాము పేరు పెట్టినాడు. ఇంగ్లండు నుండి తెప్పించిన సాధనములలో 8 అంగుళముల ఆస్ట్రోగ్రాఫు ఒకటి. ఇది కంటితో చూచుటకు కాక, నక్షత్రములను గాజుపలకపై చిత్రించుటకు నిర్మింపబడిన దూరదర్శిని. జఫర్ జంగ్ 1907లో మరణించగా, మరుసటి సంవత్సరము వేధశాలను ప్రభుత్వము స్వీకరించినది. దానికి బేగంపేటలో స్థానము ఏర్పడినది. 1918లో ఉస్మానియా విశ్వవిద్యాలయము స్థాపితమైన పిమ్మట, 1919లో వేధశాల దాని ఆధీనములోనికి వచ్చినది.

అప్పటికి ప్రపంచములోని వేధశాలలు ఒక మహాకార్యమును పంచుకొని ఉన్నవి. 1887లో పారిస్ నగరమున సమావేశమైన ఖగోళ శాస్త్రజ్ఞులు ఆకాశము నంతటిని ఒకే కొలతలు గల గాజుపలకలపై చిత్రించవలెనని నిశ్చయించినారు. ఆకాశమును పట్టీలుగా విభజించి ఒక్కొక్క వేధశాలకు ఒక్కొక్క పట్టీ ఇచ్చినారు. దక్షిణమున 17 నుండి 23 డిగ్రీల వరకు గల పట్టీ మొదట చిలీ దేశములోని శాంటియాగోకు చేరినది. అక్కడ పని సాగకపోగా, దానిని హైదరాబాదు స్వీకరించినది. 1914లో వచ్చిన అధ్యక్షుడు రాబర్ట్ పొకాక్ ఈ పనిని నడిపినాడు. 1918లో ఆయన మరణించిన తరువాత టి. పి. భాస్కరన్ కొనసాగించినాడు. 1929 నాటికి ఈ పట్టీ చిత్రణ ముగిసినది. తరువాత ఉత్తరమున 36 నుండి 39 డిగ్రీల వరకు గల పట్టీని కూడ ఇక్కడనే చిత్రించినారు. ఈ రెండు పట్టీలలో కలిపి నాలుగు లక్షలకు పైగా నక్షత్రముల స్థానములు లెక్కకు వచ్చినవి.

కంటికి, పలకకు ఒక ముఖ్యమైన భేదము ఉన్నది. కన్ను వెలుగును సెకనులో స్వల్పభాగము మాత్రమే కూడబెట్టుతుంది. పలక నిమిషముల కొలది కూడబెట్టుతుంది. అందుచే దూరదర్శినిలో కూడ కంటికి అందని నక్షత్రము పలకపై చుక్కగా తేలుతుంది. ఆ చుక్కల స్థానములను సూక్ష్మదర్శినిలో కొలిచేవారు. కొలిచేవారి కంటి దోషము పోవుటకు పలకను తిరగవేసి మరల కొలుచుట ఈ పథకములో పాటించిన పద్ధతి. లక్షల చుక్కలకు ఈ కొలత జరిగినదంటే ఎంత ఓర్పు కావలసి వచ్చినదో ఊహించుకొనవలెను.

ఈ పథకపు నియమము ప్రకారము పలకపై ఒక మిల్లీమీటరు ఆకాశములో 60 ఆర్కు సెకనులకు సమానము. అనగా ఒక ఆర్కు సెకను మిల్లీమీటరులో అరవయ్యవ వంతు. అంత సూక్ష్మమైన కొలతకు సాగిపోయే, ముడుచుకొనే కాగితముగాని ఫిల్ముగాని పనికిరాదు. గాజే తగినది.

డెబ్బది అయిదేండ్ల తరువాత

ఇంతటి శ్రమ వలన ఫలమేమి? చాల కాలము ఈ పట్టికలను వాడినవారు కొద్దిమందియే. ఆ శ్రమ వృథాయేమో అని అనుకొన్నవారు కూడ ఉన్నారు. 1989లో యూరపు దేశములు హిప్పార్కస్ అనే ఉపగ్రహమును పంపినవి. అది 1993 వరకు నక్షత్రముల స్థానములను అతి సూక్ష్మముగా కొలిచినది. నక్షత్రములు నిశ్చలములు కావు. అయితే అవి కదిలే కోణము అత్యల్పము. ఒక నక్షత్రము ఏడాదికి 0.1 ఆర్కు సెకను చొప్పున కదులుతున్నదనుకొందము. ఉపగ్రహము పనిచేసిన మూడేండ్లకు పైబడిన కాలములో దాని కదలిక 0.3 ఆర్కు సెకనుకు కొంచెము మించుతుంది. 1916 నాటి గాజుపలకను 1991 నాటి కొలతతో పోల్చినచో 75 ఏండ్ల కదలిక తెలుస్తుంది. అది 7.5 ఆర్కు సెకనులు. పలకపై మిల్లీమీటరులో ఎనిమిదవ వంతు. కాలము పెరిగినకొద్దీ గమనవేగము మరింత నిశ్చయముగా తేలుతుంది.

2000లో వెలువడిన టైకో-2 పట్టికలో సుమారు 25 లక్షల నక్షత్రములు ఉన్నవి. వాటి గమనములను నిర్ణయించుటకు ఉపగ్రహపు కొలతలతో ఈ పాత గాజుపలకల పట్టికలను కలిపినారు. ఏ ఉపగ్రహము కూడ వెనుకకు పోయి 1916 నాటి ఆకాశమును చూడలేదు. ఆ పని గాజు ఒక్కటే చేసియున్నది.

ఈ వేధశాల వాతావరణములోనే వైణు బాపు పెరిగినాడు. ఆయన తండ్రి నిజామియా వేధశాలలో ఉద్యోగి. నిజాం కళాశాలలో చదివిన బాపు అమెరికాలోని హార్వర్డుకు వెళ్ళి, 1949లో తాను తీసిన ఒక పలకపై కొత్త తోకచుక్కను కనుగొన్నాడు. దానికి బాపు–బాక్–న్యూకర్క్ తోకచుక్క అని పేరు వచ్చినది. ఇక్కడ నగరపు దీపముల వెలుగు పెరుగగా, విశ్వవిద్యాలయము జపాల్–రంగాపూర్ వద్ద 48 అంగుళముల దూరదర్శినిని నెలకొల్పినది. 1980 ఫిబ్రవరి 16వ తేదీన సంపూర్ణ సూర్యగ్రహణమును అక్కడ నుండి పరిశీలించినారు.

నేటి విద్యార్థికి

1969లో అమెరికాలో విల్లార్డ్ బాయిల్, జార్జ్ స్మిత్ సీసీడీ అనే సాధనమును కల్పించినారు. వెండి లవణము చేసిన పనిని అటుపిమ్మట సిలికాను చేపట్టినది. ఫోను కెమెరాలోని సెన్సరు కూడ సిలికానుతో చేసినదే. పద్ధతి మారినది గాని సూత్రము మారలేదు. కటకము వెలుగును కూర్చుతుంది, ఒక పదార్థము దానిని పట్టుతుంది, తరువాతివారు దానిని చదువుతారు.

చదువుటకు ఒక షరతు ఉన్నది. ఎప్పుడు, ఎక్కడ తీసినదో తెలియని చిత్రము అందముగా ఉండవచ్చును గాని సాక్ష్యము కాజాలదు. నక్షత్రపు పలకపై తేదీ లేకున్న 75 ఏండ్ల లెక్క కట్టుటకు వీలే లేదు. పాత స్టూడియోలలో, ఇండ్ల అటకలపై గాజు నెగెటివులు ఇంకను దొరకవచ్చును. అవి కనబడినప్పుడు నీళ్ళతో కడుగరాదు. పూత ఉన్న వైపు తాకక అంచులు పట్టుకొని తీయవలెను. ఒక్కొక్కదానిని కాగితపు కవరులో ఉంచి, తేమ లేనిచోట నిలువుగా పేర్చవలెను. తెలిసిన తేదీ, స్థలము, మనుష్యుల పేర్లు ముందుగా కవరుపై వ్రాసి, తరువాత పలకను అందులో ఉంచవలెను. ఉపాధ్యాయులు విద్యార్థులచే ఈ పని చేయించవచ్చును.

ఆర్ట్స్ కళాశాల మెట్లపై ఈ సాయంకాలము తీసిన చిత్రమునకు కూడ ఇదే నియమము వర్తిస్తుంది. తేదీతో, స్థలముతో భద్రపరచినచో అది 75 ఏండ్ల తరువాత ఎవరికి ఏమి చెప్పునో తీసినవారికి తెలియదు. పొకాక్‌కు, భాస్కరన్‌కు కూడ తెలియదు. అయినను వారు ప్రతి పలకపై తేదీ వేసినారు.